దగ్గు ఆగిన తెల్లారి

మా రేగపుట్టులో తెల్లారేది కోడికూతతో కాదు, వంతల సోంబారి దగ్గుతో. మంచు కమ్మిన రోజున కోడి మోసపోయి ఆలస్యంగా కూసేది గాని ఆమె దగ్గు తప్పేది కాదు. ఇంట్లో మొదలై, అరుగు మీదికొచ్చి, పెరట్లో పనసచెట్టు కింద ముగిసేది. మొదట ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్నట్టు చిన్నగా ఉండేది. తర్వాత రోకటిపోటులా లోతుకి దిగేది. చివరికి లోపల పట్టుకుని వేలాడుతున్నదేదో ఊడి బయటపడేది. అప్పుడామె చెట్టుకు చెయ్యి ఆనించి "అమ్మా తల్లీ" అనేది. ఆ మాట విన్నాకే పక్కిళ్ళలో పొయ్యిలు రాజుకునేవి.

"మా వొదిన ఉండగా ఊరికి కోళ్ళెందుకు, సంతకి పట్టుకుపోయి అమ్మీయండి" అని కనక వెక్కిరించేది. కనక సోంబారికి ఆడపడుచు. ఆమెనూ అదే ఊళ్ళో ఇచ్చారు. వదినా ఆడపడుచులిద్దరూ ఒకరినొకరు తిట్టుకోకుండా ఒక పూట గడిపినవాళ్ళు కారు, ఒకరిని విడిచి ఒకరు అంబలి తాగినవాళ్ళూ కారు.

సోమవారం పుట్టింది కాబట్టి సోంబారి అని పెట్టారు. ఊహ తెలిసిన దగ్గర్నుంచి పొయ్యి ముందే పెరిగింది. మా ఇళ్ళకు కిటికీలుండవు. పైకప్పు కిందికి వంగి ఉంటుంది, పొగ గుమ్మంలోంచి పోయినంత పోతుంది, మిగిలింది మనుషులతోనే ఉంటుంది. పొయ్యి మీద అటక కట్టి మొక్కజొన్న కంకులు, చిక్కుడు కాయలు, మరుసటి ఏటికి విత్తనాలన్నీ వేలాడదీస్తాం. పొగ తగిలిన విత్తనానికి పురుగు పట్టదు. అది నిజం. ఆ లెక్కనే పొగ తాగిన మనిషికీ పురుగు పట్టదని మా పెద్దవాళ్ళు నమ్మారు. సోంబారీ నమ్మింది. ఇప్పటికీ ఆ ఇంటి అటక మీద విత్తనాలకు ఏ పురుగూ పట్టలేదు.

పొయ్యి ఒక్కటే కాదు, చుట్ట కూడా ఉంది. వాన నీటిలో నాట్లు వేసేటప్పుడు ఆరిపోకుండా నిప్పు కొన నోట్లోకి తిప్పి పెట్టుకునే అడ్డచుట్ట. పెద్దాసుపత్రిలో డాక్టరు "పొగ తాగుతావా అమ్మా" అని అడిగితే ఆమె సిగ్గుపడి, అది మగవాళ్ళ పని కదా బాబూ అంది. అబద్ధమాడలేదు. అడ్డచుట్టను పొగ తాగడం కింద ఆమె ఎన్నడూ జమకట్టలేదు.

ఆ ఆసుపత్రికి పంపింది బిందుమాధవి. మా ఊళ్ళు తిరిగే ఆరోగ్య కార్యకర్త. రోడ్డు ఆగిపోయిన చోట స్కూటీ ఆపి, చెప్పులు చేతబట్టుకుని గెడ్డ నీళ్ళు దాటి వస్తుంది. సోంబారి కఫం తీయించి టీబీ పరీక్షకు పంపింది. టీబీ కాదని తేలిన రోజున ఆ ఇంట్లో పుంజును కోశారు. ఏమీ లేదటమ్మా, ఒట్టి దగ్గేనట అని కోడలు సోని ఊరంతా చెప్పుకొచ్చింది. దగ్గంటే టీబీ, టీబీ కాకపోతే ఏమీ కాదు. మాకు తెలిసిన చదువు అంతే.

బిందుమాధవి ఆ పుంజు కూర తింటూనే నచ్చజెప్పింది. ఇది ఊపిరితిత్తులకు పట్టిన పాత జబ్బు, పొగకి లోపలి దారులు ఇరుకైపోయాయి, ఇక పూర్తిగా బాగవదు గాని పీల్చే మందు పీలుస్తూ పొగకి దూరంగా ఉంటే ఏళ్ళ తరబడి నెట్టుకురావచ్చు అంది. చలికాలంలో ఒక్కోసారి జబ్బు ఎగదన్నుతుంది, దానికి ముందు దగ్గే కబురు చెబుతుంది అంది. దగ్గును చూసి భయపడొద్దనీ, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు "హఫ్, హఫ్" అని నోటితో గాలి వదిలి కఫాన్ని పైకి తెచ్చి ఉమ్మెయ్యమనీ నేర్పింది. "తెల్లగా పడిందా, పనికి పో. పసుపు తిరిగిందా, ఆకుపచ్చ తిరిగిందా, పని మానేసి నాకు ఫోను చేయించు. ఆ పూటే." ఈ ముక్క మాత్రం సోంబారి చేత పాఠంలా అప్పజెప్పించుకుంది. సోంబారి అప్పజెప్పి, ఆమె కోసం నిప్పుల్లో కాల్చి దాచిన చిలగడదుంపలు కొంగులోంచి తీసి సంచిలో వేసింది. ఎప్పుడొచ్చినా ఏదో ఒకటి అలా దాచి ఉంచేది.

ఇంతా చెప్పి థింసా ఆట సంగతి చెప్పకపోతే సోంబారిని చెప్పినట్టు కాదు. థింసాలో ఆడవాళ్ళు పక్కపక్కన నిలబడి, ఒకరి నడుము వెనకనుంచి ఒకరు చేతులు పెనవేసుకుని, గొలుసులా కదులుతారు. ఎవరి అడుగు తప్పినా పక్కవాళ్ళ ఒంటికి తెలుస్తుంది. ఆ గొలుసుకి ముందు మనిషి సోంబారి. నెమలీకల కట్ట చేతబట్టి, ఎటు తిప్పితే అటు వరుస తిరగాలి. పెళ్ళిలో ఆడింది, కొత్త పంట ఇంటికొచ్చే కొత్తల పండగలో ఊరి దేవుడు శంకుదేముడి ముందు ఆడింది, మొగుణ్ణి మట్టిచేసిన ఏడాది తప్ప ఏ ఏడూ మానలేదు. ఆమెకు ఆస్తి, పేరు, పరువు ఏదన్నా ఉంటే ఆ వరుసలో ముందుచోటే.

ఈ మధ్య పండగలకంటే శనివారాలే ఎక్కువయ్యాయి. కొండ కింద కాఫీ తోటల్ని ఆనుకుని పెద్ద రిసార్టు వచ్చింది. శనివారం సాయంత్రం పట్నం జనం కుర్చీలు వేసుకు కూర్చుంటారు, మధ్యన క్యాంప్‌ఫైర్ వేస్తారు, దాని చుట్టూ మావాళ్ళు ఆడాలి. కట్టెలు సిల్వర్ ఓకు కొమ్మలు, నరికిన వారానికే మంటలోకి వస్తాయి. పచ్చికట్టె మండదు, పొగుస్తుంది. కుర్చీల వాళ్ళ మీదికి పొగ తిరిగితే కుర్చీలు జరుపుతారు. ఆడేవాళ్ళు జరగడానికి లేదు.

డప్పు కొట్టే ధనుంజయ్ ఆ బృందానికి పెద్ద. మనవాడే, చెడ్డవాడు కాదు. మార్గశిరంలో ఒక శనివారం ఆట మధ్యలో సోంబారికి దగ్గు తెర వచ్చింది. ముందు కుర్చీలో కూర్చున్న ఒకావిడ కూతురిని ఒళ్ళోకి లాక్కుని, పైట ముక్కుకి అడ్డం పెట్టుకుని లేచి వెళ్ళిపోయింది. కరోనా వచ్చి పోయాక దగ్గిన మనిషిని చూస్తే పామును చూసినట్టే. మేనేజరు ధనుంజయ్‌ని పక్కకి పిలిచి మాట్లాడాడు. తిరుగు జీపులో ధనుంజయ్ ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు.

"పిన్నీ, నువ్వంటే నాకు దేవతనాగ. కానీ వొచ్చే నెల శనివారం పెద్దపెద్దోలొస్తన్నారట. ఆ పొద్దు గానీ దగ్గినావంటే మొత్తం బృందాన్నే మాన్పించేత్తాడట. స్వర్ణని ముందుకి తెత్తాను. నువ్వు ఒక పక్కన కూకో."

స్వర్ణ పద్దెనిమిదేళ్ళ పిల్ల, సోంబారికి ఒక పక్కన కనక, మరో పక్కన ఈ పిల్ల చెయ్యి పెనవేసి ఆడతారు. ఆ మాటకి ఆ పిల్ల సిగ్గుతో తల దించుకుంది. సోంబారి నవ్వింది. "కూకోడానికి జీపెందుకురా, మా అరుగు సాల్దేటి?" అంది. జీపులో అందరూ నవ్వారు. కనక మాత్రం నవ్వలేదు. వదిన చెయ్యి లాక్కుని తన ఒళ్ళో పెట్టుకుంది.

పుష్యమాసం మంచు దిగింది. ఆ శనివారానికి ఇంకా రోజులుండగానే సోంబారి దగ్గు మారింది. పొద్దుటి ఒక్క విడతతో ఆగక పగలంతా తెరలు తెరలుగా రాసాగింది. గెడ్డ నుంచి బిందె తెస్తూ నాలుగుచోట్ల దించేది. దించిన చోటల్లా కనక ఏ ముల్లో గుచ్చుకున్నట్టు వంకపెట్టి తనూ ఆగేది, వదిన ఒక్కతే ఆగినట్టు కనబడకూడదని. ఒకనాడు పనసచెట్టు కింద ఆమె ఉమ్మినదాన్ని కనక చూసింది. చింతచిగురు రంగు.

"వొదినా, బిందుమ్మ సెప్పిన రంగు ఇదే కాదేటి?"

"నువ్వు సూడలేదు."

"సూసినాను. నా కళ్ళు బాగానే ఉన్నాయి."

"శనోరం అవనీ. ఆదోరం పొద్దున్నే నువ్వే ఫోను సెయ్యించు. ఈ ఒక్క ఆట, కనకా. ఈసారి గానీ కూకున్నానంటే మల్లీ లెగనివ్వరు."

కనక ఒప్పుకుంది. ఎందుకొప్పుకున్నావని ఇప్పుడడగడం సులువు. ముందుచోటు పోతే వదిన ఎలా ఉంటుందో కనకకు తెలుసు, జబ్బు ఏం చేస్తుందో తెలియదు. తెలిసినదానికే మనిషి భయపడతాడు.

శుక్రవారం సంతలో ఇద్దరూ ఆదినారాయణ కొట్టుకి వెళ్ళారు. పల్లపు ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడ్డ షావుకారు. ఉప్పు, ఎండుచేపలు, జ్వరం బిళ్ళలు అన్నీ ఒకే చోట అమ్ముతాడు. కొండ దిగి వచ్చిన మనిషికి ముందు చెంబుడు మంచినీళ్ళు ఇవ్వనిదే బేరం మొదలుపెట్టడు. సోంబారి మాట్లాడలేక గల్లాపెట్టె పట్టుకుని వంగిపోవడం చూసి, తన స్టూలు తెచ్చి కూర్చోబెట్టాడు. రేపటికి దగ్గు వినబడకుండా ఉంటే చాలు బాబూ అని కనక చెప్పింది. ఆయన కొట్టు వెనక ఇంట్లోకి వెళ్ళి, తన తల్లికి తెచ్చిన మందుసీసా సగం ఉన్నది తెచ్చి చేతిలో పెట్టాడు.

"మా అమ్మకి రాత్రిళ్ళు దగ్గు కట్టేస్తది తల్లీ. హాయిగా నిద్రపడుతుంది. ఒక్క మూతే, ఎక్కువొద్దు. డబ్బుల మాట ఎత్తకు."

సోంబారి ఆ సీసాను కళ్ళకద్దుకుంది. నిజంగానే అది ప్రేమతో ఇచ్చిన మందు. దాన్ని తలచుకుంటే ఇవాళ్టికీ ఆయన మీద కోపం రాదు, అదే మింగుడుపడదు.

శనివారం జీపు ఎక్కే ముందు ఒక మూత తాగింది, గొంతు గరగర ఇంకా ఉందని మరో మూత, దిగాక సీసా అడుగున మిగిలిందంతా. ఒక్క దగ్గు వచ్చినా తనే తప్పుకుంటానని ధనుంజయ్‌ని ఒప్పించి ముందుచోటులో నిలబడింది. మంట చుట్టూ వరుస కదిలింది. తుడుము మోగింది, మోరి ఊదారు. పచ్చికట్టె పొగ నేలబారుగా పాకి ఆడేవాళ్ళ మోకాళ్ళ దాకా లేచింది, గాలి తిరిగి మొహాలకి కొట్టింది. సోంబారి దగ్గలేదు. ఆమె పక్కటెముకలు పక్కవాళ్ళ చేతుల కింద పిట్ట గుండెలా ఎగసిపడుతున్నాయి, గాలి లోపలికి పోతోంది గాని బయటికి రావడం లేదు. అటు కనక, ఇటు స్వర్ణ చూపులు కలుపుకున్నారు. మాట లేకుండానే చేతులు బిగించి ఆమె బరువు తమ మీదికి తీసుకున్నారు. చివరి చుట్లలో సోంబారి పాదాలు నేలను ఊరికే తాకుతూ పోయాయి. నెమలీకల కట్ట మాత్రం దించలేదు. ముందు మనిషి ఎటు తిప్పుతుందో అటే వరుస తిరిగిందని చూసేవాళ్ళు అనుకుని ఉంటారు. చప్పట్లు చాలాసేపు కొట్టారు.

ధనుంజయ్ ఆనందం పట్టలేక వచ్చి ఆమె కాళ్ళకు మొక్కాడు. "నెగ్గించేసినావు పిన్నీ. ఒక్క దగ్గు రాలేదు" అన్నాడు. ఆమె తలూపింది.

జీపులోనే కునుకు పట్టింది. తల దిమ్ముగా ఉందే అని గొణిగి కనక భుజం మీద ఒరిగిపోయింది. లోపల మరిగే అంబలిలాగా ఏదో గలగలమంటోంది. కనక విన్నది. కానీ వదిన ఇలా ఒళ్ళెరక్క నిద్రపోయి ఎన్నాళ్ళైందో. చలికాలం మొదలైంది మొదలు గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చేది. నిద్ర చెడగొట్టడానికి కనకకు మనసు రాలేదు. కొడుకు భీముడు రోడ్డు దాకా ఎదురొచ్చి, తల్లిని ఎత్తుకుని గెడ్డ దాటించి ఇంట్లో పడుకోబెట్టాడు.

ఆదివారం పొద్దున మా ఊరు ఆలస్యంగా లేచింది. ఎందుకు ఆలస్యమైందో ముందు ఎవరికీ తోచలేదు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దగ్గు లేదు.

ఎంత సంబరపడ్డారని. సోని కోళ్ళగంప మీద గోనె కప్పి, అవి అరవకుండా పెరటి చివరికి జరిపింది. పక్కింటావిడ చోడి గింజలు దంచబోయి, రోకలి భుజాన వేసుకుని ఊరి చివరి రోటికి పోయింది. పిల్లలు గోల చేస్తుంటే కనక బెత్తం పట్టుకుని గెడ్డ దాకా తరిమి వచ్చింది. ఎవరో వేడి జావ చేసి గుమ్మం దగ్గర మూతపెట్టి, చప్పుడు కాకుండా వెళ్ళిపోయారు. ముసలి మంగ్లు కూడా తన చుట్ట పట్టుకుని దూరంగా కూర్చున్నాడు. ఇంత మర్యాద సోంబారికి ఆమె పెళ్ళినాడు కూడా జరిగి ఉండదు. ఆమె ఇంటి చుట్టూ ఊరు ఊరంతా మునివేళ్ళ మీద నడిచింది. పడుకోనియ్యండి పాపం, ఇన్నాళ్ళకి కన్ను మూతపడింది అన్నారు. ఆదివారం ఫోను చేయించమన్న మాట కనకకు గుర్తుంది. దగ్గే లేనప్పుడు ఫోనెందుకు, లేచాక అడిగి చేయిద్దాంలే అనుకుంది.

ఎండ కొండ నెత్తికెక్కే వేళకి బిందుమాధవి పసిబిడ్డల టీకాల పని మీద వచ్చింది. గెడ్డ దాటుతూనే అడిగింది, సోంబారమ్మ దగ్గు వినబడదేం అని. కనక ఎదురెళ్ళి గొప్పగా చెప్పింది.

"పోనాది బిందుమ్మా. నిన్నటాల నుంచి ఒక్క దగ్గు లేదు. ఇంకా పడుకునే ఉంది."

బిందుమాధవి సంచి అక్కడే పడేసి పరుగెత్తింది. ఆమె పరుగెత్తడం మేమెవరం అంతకుముందు చూడలేదు.

లోపల సోంబారి పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. చేతులు వెచ్చగానే ఉన్నాయి. పిలిస్తే రెప్పలు సగం లేచి మళ్ళీ వాలాయి. కొంగులోంచి జారిన సీసా తలగడ పక్కన ఉంది, ఖాళీ. బిందుమాధవి ఆమెను లేపి కూర్చోబెట్టి, దగ్గు సోంబారమ్మా, ఒక్కసారి దగ్గు, నాకోసం దగ్గు అని వీపు చరుస్తూ బతిమాలింది. ఊరిని నిద్రలేపిన మనిషి ఒక్క దగ్గు దగ్గలేకపోయింది.

దుప్పటి, వెదురుబొంగు తెచ్చి డోలీ కట్టారు. భీముడు ముందు, ఊళ్ళో మగాళ్ళు మార్చి మార్చి భుజం పట్టారు. రోడ్డు మీద నూట ఎనిమిది బండి వచ్చేదాకా బిందుమాధవి ఆమె తల తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ తల నిమురుతూనే కనకతో అంది. గట్టిగా కూడా అనలేదు.

"దగ్గు జబ్బు కాదు కనకమ్మా. లోపల చేరినదాన్ని బయటికి తోసే చెయ్యి అది. ఆ చేతిని మీరు కట్టేశారు."

కనక తన రెండు చేతుల వంకా చూసుకుంది.

ఆసుపత్రిలో మొహానికి గాలి యంత్రం తగిలించారు, సూదులిచ్చారు. లోపల గాలి మారక విషమై పోయిందనీ, ముందే వచ్చి ఉంటే మందులతో తగ్గిపోయేదేననీ డాక్టరు భీముడికి చెప్పాడు. ఒకసారి మాత్రం తెలివి వచ్చింది. ఎదురుగా బిందుమాధవిని చూసి, నేర్పిన పాఠం అప్పజెబుతున్నట్టు పెదవులు గుండ్రంగా చేసి "హఫ్" అనబోయింది. శబ్దం రాలేదు. వారం తిరగకుండానే పోయింది. ఊపిరి ఊదిన దేవుడు తన ఊపిరి తాను తీసుకున్నాడని నలుగురూ అన్నారు. అనుకోవాలి, తప్పదు. కానీ ఆయన తీసుకోకముందే మనం ఎంత దయగా ఆ ఊపిరి నోరు మూశామో ఆయన చూడలేదా అనిపిస్తుంది.

దినం రోజున ఆదినారాయణ మొదటిసారి మా కొండెక్కి వచ్చాడు. బియ్యం మూట కూలివాడి చేత ఇవ్వకుండా తనే మోసుకొచ్చాడు. మా అమ్మకి బాగానే పనిచేసింది తల్లీ, బాగానే పనిచేసింది అని అదే మాట పదిసార్లు అన్నాడు. సోని ఆయనకు నీళ్ళిచ్చింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అనివుంటే ఆయనకు కొంచెం తేలికయ్యేదేమో.

ధనుంజయ్ కూడా వచ్చాడు. ఏడ్చాడు. వెళ్ళే ముందు, రిసార్టు మేనేజరు కూడా చాలా బాధపడ్డాడని చెప్పి, శనివారం వరుసలో ఒక మనిషి తగ్గుతుందా అని అడిగాడన్న సంగతి కనక చెవిలో వేశాడు.

"ఇద్దరు తగ్గుతారని సెప్పు" అంది కనక.

స్వర్ణ ముందుచోటుకి వెళ్ళింది. పిల్ల బాగానే ఆడుతుందట. సోంబారిని మాత్రం వరుసలోంచి ఎవరూ తీయలేదు, ఆమె కోరుకున్నట్టే ముందుచోటు మనిషిగానే పోయింది. పచ్చికట్టెల పొగ శనివారం సాయంత్రాలు కొండ మీదికి కూడా వస్తుంది. అది రాగానే కనక తలుపు వేసుకుంటుంది.

ఇప్పుడు మా ఊళ్ళో పొద్దున్నే దగ్గేది ముసలి మంగ్లు. అతనికీ అదే పొయ్యి, అదే చుట్ట. చలి ఎక్కువైన రోజున అతని దగ్గు ఆలస్యమైతే పక్కవాళ్ళెవరూ మునివేళ్ళ మీద నడవరు. కనక కర్ర పట్టుకుని వెళ్ళి ఆ తలుపు బాదుతుంది.

"ఏటే, సావనివ్వవేటే నన్ను?" అని లోపల్నుంచి తిడతాడు.

"ముందు దగ్గు. తరవాత తిట్టు."

అతను తిట్టబోతాడు, తిట్టు గొంతులో అడ్డం పడి దగ్గు వస్తుంది. ఒకటి, మరొకటి, ఆ తర్వాత ఆ పెద్దది. కనక తలుపుకి చెవి ఆనించి అది బయటపడేదాకా వింటుంది. బయటపడ్డాక, తెల్లగా ఉందో పచ్చగా ఉందో వచ్చి చూపించమంటుంది. అతను రాడు. తనే వెళ్ళి చూసి వస్తుంది.